సూపర్‌హీరో కామిక్స్ మీద మనసు విరగకుండా చదవడం ఎలా

మొన్న మా తమ్ముడు ఫోన్ చేసి, “అక్కా, స్పైడర్‌మ్యాన్ కామిక్స్ చదవాలనుంది. మొదటి సంచిక నుంచి పట్టుకుంటా, ఏదో చెప్పు” అన్నాడు. “ఏ మొదటి సంచిక?” అన్నాను. వాడికి అర్థం కాలేదు. ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ పేరుతోనే 1వ నంబరు 1963లో వచ్చింది, 1999లో వచ్చింది, ఆ తర్వాత 2014, 2015, 2018, 2022, 2025ల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. మొదటి రెంటికీ మధ్య 36 ఏళ్ల ఎడం. 2014 నుంచి 2025 లోపు ఏకంగా ఐదు!

కొత్తవాడు కాబట్టి వాడు తికమకపడి ఊరుకున్నాడు. ఏళ్ల తరబడి చదువుతున్నవాళ్లకు మాత్రం ఇది కడుపుమంట. నంబర్లు మొదటికొస్తాయి, చచ్చినవాళ్లు లేచొస్తారు, కథ సగంలో ఉండగా ఎక్కడిదో ఈవెంట్, అంటే చాలామంది హీరోల సిరీస్‌లను కలిపేసే పెద్ద కథ, వచ్చి మీద పడుతుంది. నేను రెండుసార్లు పూర్తిగా మానేశాను. మూడోసారి తిరిగొచ్చినప్పుడు చదివే పద్ధతి మార్చుకున్నాను. తమ్ముడికి చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, కవరు మీది 1 అనే అంకెను నమ్మి కొనకండి. అది కథ కోసం కంటే దుకాణం కోసం వేసిన అంకె. అమెరికాలో కామిక్స్ దుకాణాలు నెలనెలా వచ్చే సంచికల్ని చాలావరకు తిరిగి ఇచ్చే వీలు లేకుండా కొంటాయి. అమ్ముడుపోకపోతే నష్టం దుకాణానిదే. ఆర్డరేమో కొన్ని వారాల ముందే పెట్టాలి. సాగుతున్న సిరీస్‌కి ఆర్డర్లు సంచిక సంచికకీ తగ్గుతూ పోవడం మామూలు. 1వ నంబరు అనగానే ఒక్కసారిగా పెరుగుతాయి. అందుకే అంకె తిప్పుతూ ఉంటారు. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌ల సంస్థ డీసీ వాళ్లు 2011లో ఒక్క దెబ్బకు 52 సిరీస్‌లను 1 నుంచి మొదలుపెట్టారు. 1938 నుంచి లెక్క సాగుతున్న ‘యాక్షన్ కామిక్స్’ కూడా అందులో పడింది. మళ్లీ 2016లో 957వ సంచిక అంటూ పాత లెక్కే అందుకుని, 2018లో 1000వ సంచిక వేశారు.

స్పైడర్‌మ్యాన్ సంస్థ మార్వెల్ వేసిన సంచిక చేతికొస్తే కవరు మీద నంబరు ఉన్నచోట కాస్త పరీక్షగా చూడండి. 2017 తర్వాతి వాటిలో చాలావాటికి పెద్ద అంకెతో పాటు చిన్నగా ఇంకో అంకె ఉంటుంది. దాన్ని లెగసీ నంబర్ అంటారు. అదీ అసలు లెక్క. 2018లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ 1వ సంచిక లెగసీ నంబర్ 802. అంటే ఆ ‘మొదటి’ సంచిక వెనక 801 ఉన్నాయన్నమాట.

మరి దేన్ని పట్టుకుని చదవాలి? రచయితను. ఒక రచయిత ఒక పాత్రను చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి వదిలేసేదాకా వచ్చిన సంచికలన్నిటినీ కలిపి రన్ అంటారు. నేను హయాం అంటాను. నా పద్ధతంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది. పాత్రకు ముగింపు ఉండదు, సిరీస్‌కి మొదలు తెలియదు. హయాంకి మాత్రం మొదలూ చివరా రెండూ ఉంటాయి.

డేర్‌డెవిల్ అనే హీరో సంగతి చూడండి. చిప్ జ్డార్‌స్కీ దాన్ని 2019లో అందుకున్నారు. 36 సంచికలు నడిచింది. తర్వాత ‘డెవిల్స్ రెయిన్’ అనే ఈవెంట్, అదీ ఆయనే రాశారు. 2022లో మళ్లీ 1వ నంబరు వేసి ఇంకో 14 సంచికలు. కవరు చూసి ఆ రెండో 1 దగ్గర మొదలుపెట్టినవాళ్లు ఇంటర్వెల్ తర్వాత హాల్లోకి వెళ్లినట్టే. రచయిత పేరు చూసినవాళ్లకు అది 50 సంచికల ఒకే కథ, మధ్యలో ఆ ఈవెంట్ అదనం. తమ్ముడికి స్పైడర్‌మ్యాన్ పక్కన పెట్టించి దీంతోనే మొదలుపెట్టించాను.

నా దగ్గర గీతల నోటుబుక్ ఒకటుంది. ఒక్కో హయాంకి ఒక్కో పేజీ. పైన రచయిత, చిత్రకారుడు. కింద ఎడమవైపు వరుసగా సంచికల నంబర్లు, నంబరు మధ్యలో మారితే అక్కడ అడ్డగీత, గీత పక్కనే ఈవెంట్ పేరు. కుడివైపు ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు: ‘ఈ సంచిక లేకపోతే తర్వాతిది అర్థమవుతుందా?’ అల్ యూయింగ్ రాసిన ‘ఇమ్మోర్టల్ హల్క్’ పేజీలో, 2018 నుంచి 2021 దాకా 50 సంచికలకూ కుడివైపు ‘కాదు’ అనే ఉంది. టామ్ కింగ్ రాసిన ‘విజన్’ 12 సంచికలే, దానికీ అంతే. ఎవరైనా ఏం చదవమంటావని అడిగితే ఆ పేజీలే తీసి చూపిస్తాను.

ఆ ప్రశ్న నాకు డబ్బు పోగొట్టుకున్నాక తట్టింది. ఒక వేసవిలో ఒక పెద్ద ఈవెంట్ వచ్చింది. అసలు కథ 8 సంచికలు. ప్రతి సంచిక చివరా ఏ టై-ఇన్‌లు, అంటే ఆ ఈవెంట్‌కు ముడిపెట్టి వేరే సిరీస్‌లలో వేసే సంచికలు, చదవాలో జాబితా ఇచ్చేవాళ్లు. నమ్మి 33 కొన్నాను. అంతా అయ్యాక నేల మీద వరుసగా పరిచి, ఒక్కొక్కటీ పక్కకు తీస్తూ అసలు కథలో ఏం తెగుతుందో చూశాను. 33లో తీస్తే కథ తెగేవి రెండే. చాలావాటిలో హీరో ఆకాశంలో జరుగుతున్న గొడవను తలెత్తి చూసి, తన వీధిలో తన పని తాను చేసుకుంటున్నాడు. ఆ రోజు నుంచి ఈవెంట్ జరుగుతుండగా ఏదీ కొనను. అయిపోయాక అసలు కథ ఒక్కటే చదువుతాను. టై-ఇన్ అయితే, నేను అప్పటికే చదువుతున్న హయాంలో, అదే రచయిత రాసినదైతేనే. ఇలా చదవడం మొదలుపెట్టాక తెలియని కథ మిగిలిపోయిందన్న బాధ నాకు ఒక్కసారీ రాలేదు.

ఇక చావులు. 1992లో సూపర్‌మ్యాన్ చనిపోయిన సంచికను నల్ల సంచిలో చుట్టి లక్షల మందికి అమ్మారు. ఏడాది తిరక్కుండా లేచొచ్చాడు. కెప్టెన్ అమెరికా 2007లో పోయి, 2009లో తిరిగి రావడం మొదలుపెట్టాడు. బ్యాట్‌మ్యాన్ సహాయకుడు, రెండో రాబిన్ జేసన్ టాడ్ బతకాలా వద్దా అని 1988లో డీసీ పాఠకులతోనే ఫోన్‌లో ఓట్లు వేయించింది. చావాలని 5,343, బతకాలని 5,271. 72 ఓట్ల తేడాతో పోయిన ఆ కుర్రాడు కూడా 2005లో వచ్చేశాడు. కాబట్టి ‘నిజంగా పోయాడా?’ అని అడిగి లాభం లేదు. ఈ చావు ఎవరి కథ అని అడగండి.

1973 నాటి స్పైడర్‌మ్యాన్ 121వ సంచికలో ప్రియురాలు గ్వెన్ స్టేసీ వంతెన మీంచి పడుతుంటే పీటర్, అంటే స్పైడర్‌మ్యానే, సాలెతాడు విసిరి కాళ్ల దగ్గర పట్టుకుంటాడు. పట్టుకున్నానన్న సంతోషం వాడిది. అదే బొమ్మలో, ఆమె మెడ పక్కన, కంటికి ఆనీ ఆనకుండా ‘స్నాప్’ అనే చిన్న శబ్దం రాసి ఉంటుంది. వాడికి తెలియదు, మనకు తెలుస్తుంది. ఆ చిన్న మాట మీద నా చూపు ఇప్పటికీ ఆగిపోతుంది. ఆ చావు బరువు పీటర్ కథలో ఏళ్ల తరబడి సాగింది. 2023 మే నెలలో మిస్ మార్వెల్, అదే కమలా ఖాన్, చనిపోయింది. తన సొంత పుస్తకంలో కూడా కాదు, స్పైడర్‌మ్యాన్ సిరీస్ 26వ సంచికలో. జూలైకల్లా ఎక్స్‌మెన్ కథలో తిరిగొచ్చింది. ఆ అమ్మాయి పుట్టినప్పటి నుంచి వెంట నడిచిన పాఠకులకు ఏడవడానికి కూడా టైమివ్వలేదు. ఇలాంటి చావు ముందుగా ప్రచారంలోకి వస్తే, ఆ సంచిక కొనకండి. మూడు నెలలు ఆగండి. పెళ్లిళ్లకూ ఇదే సూత్రం. 2018 జూలైలో బ్యాట్‌మ్యాన్, క్యాట్‌వుమన్‌ల పెళ్లి అని నెలల తరబడి ఊరించి, 50వ సంచికలో పీటల దాకా తెచ్చి ఆపేశారు.

పెళ్లి అంటే గుర్తొచ్చింది. పాఠకుల మనసుకు తగిలిన అతిపెద్ద దెబ్బ నా దృష్టిలో పీటర్, మేరీ జేన్‌లదే. 1987లో పెళ్లయింది. 2007లో ‘వన్ మోర్ డే’ కథలో పీటర్‌ను పెంచిన మే అత్తయ్య ప్రాణం కోసం ఆ పెళ్లిని మెఫిస్టో అనే దెయ్యానికి ఇచ్చేశారు. ఇరవై ఏళ్ల కాపురం జరగనట్టే అయిపోయింది. దీని మీద రచయితను తిట్టినవాళ్లు చాలామంది. కానీ రాసిన జె. మైఖేల్ స్ట్రాజిన్‌స్కీకే ఆ ముగింపు నచ్చలేదు, చివరి రెండు సంచికల మీంచి తన పేరు తీసేయించుకోవాలనుకున్నానని ఆయనే బాహాటంగా చెప్పారు. పాత్ర సంస్థది, పెద్ద నిర్ణయాలు ఎడిటర్ల గదిలో జరుగుతాయి, రచయిత కొన్నాళ్లు కాపలా ఉండి పోయే మనిషి. అందుకే కోపమొస్తే సంస్థకు ఉత్తరం రాయండి, ఏ సంచికలో ఏ పేజీ నచ్చలేదో పేరుపెట్టి చెప్పండి, ఆ సిరీస్ కొనడం ఆపండి. రచయితల మీద, చిత్రకారుల మీద విరుచుకుపడకండి.

మనం అడిగినది వాళ్ల చెవిన పడదని కూడా అనుకోవద్దు. 2024 జనవరిలో జొనాథన్ హిక్‌మన్, మార్కో చెకెట్టో కలిసి మొదలుపెట్టిన ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’లో పీటర్‌కి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, ఆ వయసులో సాలీడు శక్తి వస్తుంది. వేరే విశ్వం కాబట్టి 60 ఏళ్ల పాత లెక్కలేవీ అక్కర్లేదు. అదే ఏడాది అక్టోబర్‌లో స్కాట్ స్నైడర్, నిక్ డ్రగోటా ‘అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్’ మొదలుపెట్టారు. పాత విశ్వంతో విసిగిపోయినవాళ్లకు ఈ రెండూ మంచి దారులు.

డబ్బు సంగతి. ఇరవై చిల్లర పేజీల కథకు 4 డాలర్లు, 5 డాలర్లు పెట్టడం ఎవరికైనా భారమే. మార్వెల్ అన్‌లిమిటెడ్ లాంటి చందా యాప్‌లో కొత్త సంచికలు సాధారణంగా మూడు నెలలకు వచ్చేస్తాయి. సంకలనమైతే ఇంకా కొంచెం ఆగాలి. ఒకే సంచికకు వేర్వేరు బొమ్మలతో వేసే వేరియంట్ కవర్ల జోలికి అసలు వెళ్లకండి, బొమ్మ మీద ప్రేమ ఉంటే తప్ప. 1991 నాటి ‘ఎక్స్‌మెన్’ 1వ సంచిక ఐదు కవర్లతో 80 లక్షలకు పైగా కాపీలు దుకాణాలకు వెళ్లాయి. అన్ని ఉన్న వస్తువుకు రేపు ధర ఎక్కడి నుంచి వస్తుంది?

అయితే అందరం ఆగితే చిన్న సిరీస్‌లు చచ్చిపోతాయి. ఉంచాలా తీసేయాలా అన్నది ఇప్పటికీ ఎక్కువగా ముందస్తు ఆర్డర్లను బట్టే తేలుస్తారు. అందుకని నేను ఒక్క సిరీస్‌ను ఎంచుకుని, కొత్త పాత్రదో కొత్త రచయితదో, మొదటి సంచిక రాకముందే దుకాణంలో పేరు చెప్పి రాయిస్తాను. మిగతావన్నీ యాప్‌లోనే. బ్యాట్‌మ్యాన్‌కి నా 5 డాలర్లు అక్కర్లేదు.

చివరగా, ఆపడం. హయాం అయిపోయాక తర్వాతి రచయితకు మూడు సంచికలివ్వండి. నచ్చకపోతే ఆ పాత్ర కథ పాత రచయిత చివరి పేజీ దగ్గరే ముగిసిందని నోటుబుక్‌లో రాసుకోండి. తారీకు వేయండి. ఇంకో రచయిత వచ్చినప్పుడు కొత్త పేజీ తెరవొచ్చు. మా తమ్ముడు డేర్‌డెవిల్ రెండోసారి వేసిన 1వ నంబరు దాటి 3వ సంచికకు వచ్చాడట. దాని తర్వాత ఇంకా 11 సంచికలున్నాయి. “తర్వాత ఏంటి అక్కా?” అని నిన్న మెసేజ్ పెట్టాడు. ‘ఇమ్మోర్టల్ హల్క్’ పేజీ ఫోటో తీసి పంపాను.