నాలుగో పాఠం: ఏ యాదయ్య?

పోయిన పాఠంలో ఎథీరియం అనే బ్లాక్‌చైన్‌కు (ఎన్నో కంప్యూటర్లలో నకలు ఉండే ఉమ్మడి లెక్కల పుస్తకం) ఉన్న సెపోలియా అనే పరీక్షా నెట్‌వర్క్ మీద వాలెట్ తెరిచి, ఉత్తుత్తి ఈథర్, అంటే ఎథీరియం నాణెం, ఒకరికొకరు పంపుకున్నారు. ఎక్కువమందిని ఇబ్బంది పెట్టింది అవి చేరాల్సిన వాలెట్ అడ్రసే. 0ఎక్స్ తరువాత అంకెలూ అక్షరాలూ కలిసి 40 గుర్తులు. ఫోన్లో చదివి చెప్పలేం, కాగితం మీద రాసుకుంటే ఎక్కడో ఒకటి తప్పు పడుతుంది. అందుకని ఈసారి అడ్రసుకు బదులు వాడే పేర్ల గురించి నేర్చుకుందాం.

మా చండూరు దిక్కు ఏ ఊరికి పోయినా యాదయ్యలు ఒక్కరితో ఆగరు. యాదగిరిగుట్ట నర్సింహస్వామికి మొక్కి పెట్టుకున్న పేరు అది. బస్సు దిగి చాయ్ హోటల్ కాడ "యాదయ్య ఇల్లు ఎక్కడ?" అని అడిగితే, "ఏ యాదయ్య? బాయికాడి యాదయ్యనా, కరెంటు యాదయ్యనా?" అంటారు. ఊరి వరకు ఆ గుర్తు చాలు. నల్లగొండ గడియారం సెంటర్లో నిలబడి అడిగితే ఎవరికీ తెలియదు. ఆధార్ నంబరు దేశమంతటా ఒక్కరిదే, కానీ అది నోటికి రాదు. పైగా ఒక సంస్థ ఇస్తేనే వస్తుంది.

పేరు నోటికి రావాలి, మోసగాడు మార్చలేకుండా ఒక్కరికే చెందాలి, పైన పెత్తనం చేసే సంస్థ ఉండకూడదు. ఈ మూడూ ఒకేచోట కుదరడం కష్టమని జూకో విల్కాక్స్ అనే ప్రోగ్రామర్ 2001లో రాశాడు. 2011లో వచ్చిన నేమ్‌కాయిన్ బ్లాక్‌చైన్ మీద పేర్లు నమోదు చేసి, ఆ ముడి విప్పే దారి చూపింది. 2017 మే 4న ఎథీరియం మీద ఎథీరియం నేమ్ సర్వీస్ మొదలైంది. దాన్నే ఈఎన్ఎస్ అంటారు. ఇందులో పేరు చివర '.ఈథ్' ఉంటుంది.

ఇది లోపల ఎలా నడుస్తుందో మీకు సగం తెలుసు. యూపీఐ ఐడీలో @ తరువాత ఉన్న ముక్కను చూసి ఎవరిని అడగాలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ తెలుసుకుంటుంది. ఖాతా ఏదో అక్కడివాళ్లు చెబుతారు. ఈఎన్ఎస్‌లోనూ రెండు అంచెలే. మొదటిది రిజిస్ట్రీ. ఈ పేరు ఎవరిది, దీని గురించి ఏ రిజాల్వర్‌ను అడగాలి అన్నది దాని దగ్గర ఉంటుంది. అడ్రసు చెప్పేది రిజాల్వర్. చాయ్ హోటల్ ఆయనకు యాదయ్య ఇల్లు తెలియకపోయినా, "వార్డు మెంబర్‌ను అడగండి, ఆయనకు ఎరుక" అంటాడు కదా, అట్లా అన్నమాట.

రిజిస్ట్రీలో పేరు అక్షరాలుగా ఉండదు. పేరును చుక్కల దగ్గర ముక్కలు చేసి, కుడి చివరి ముక్క నుంచి ఒక్కొక్కదాన్నీ హ్యాష్ చేసుకుంటూ, అంటే ఒక లెక్కతో పొడవైన సంఖ్యగా మార్చుకుంటూ, ఎడమకు వస్తారు. చివరికి మిగిలే 32 బైట్ల సంఖ్యే ఆ పేరుకు గుర్తు. ఒక్క అక్షరం మారితే ఆ సంఖ్యకూ పాత సంఖ్యకూ పోలికే ఉండదు.

మన పేర్లకు చిక్కు ఇక్కడే వస్తుంది. యాదయ్యను ఇంగ్లీషులో రాయమంటే ఒకరు చివర 'ఐ ఏ హెచ్' పెడతారు, ఇంకొకరు 'ఏ వై వై ఏ' అని ముగిస్తారు, మరొకరు 'డి' పక్కన 'హెచ్' చేరుస్తారు. లక్ష్మిని మనవైపు 'ఎక్స్'తో రాస్తే, వేరే చోట 'కె ఎస్ హెచ్'తో రాస్తారు. నోటితో పలికితే అన్నీ ఒక్కటే. ఈఎన్ఎస్‌కు మాత్రం ఇవన్నీ వేరువేరు పేర్లు, వేరువేరు మనుషులవి కావచ్చు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఒక్కటే అది పట్టించుకోదు. కాబట్టి ఫోన్లో పేరు విని టైపు చేయకండి, మెసేజ్‌లో రాసి పంపమనండి. యూపీఐలో పైసలు పంపేముందు బ్యాంకులో ఉన్న అసలు పేరు తెర మీద కనిపిస్తుంది. ఇక్కడ అట్లా సరిచూసి చూపే బ్యాంకు లేదు, పోయినవి తిరిగి ఇప్పించే ఆఫీసూ లేదు.

ఇప్పుడు ఫోన్ తీయండి. ఎథీరియం లావాదేవీలన్నీ చూపే వెబ్‌సైటు ఈథర్‌స్కాన్ తెరిచి, వెతికే చోట విటాలిక్.ఈథ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో (వి ఐ టి ఏ ఎల్ ఐ కె, చుక్క, ఈ టి హెచ్) కొట్టండి. ఎథీరియం రూపకర్త విటాలిక్ బ్యూటెరిన్ పేరు అది, అందరికీ తెలిసిందే. వచ్చిన అడ్రసులో 0ఎక్స్ తరువాత 'డి 8 డి ఏ', చివర '6045' ఉన్నాయా చూడండి. పేరు నుంచి అడ్రసుకు పోవడం ఇది.

అడ్రసు నుంచి పేరుకు కూడా పోవచ్చు. అడ్రసు యజమాని "నా పేరు ఇది" అని రాసి పెట్టుకుంటాడు, దాన్ని రివర్స్ రికార్డు అంటారు. ఇక్కడ జాగ్రత్తగా చదవండి. అందులో ఎవరైనా, ఎవరి పేరైనా రాసుకోవచ్చు, ఆపేవాళ్లు లేరు. నేను నా అడ్రసుకు విటాలిక్ పేరు పెట్టుకున్నా రిజాల్వర్ కాదనదు. అందుకే అడ్రసు చెప్పిన పేరును మళ్లీ ముందు నుంచి అడగాలి. ఆ పేరు తిరిగి అదే అడ్రసును చూపితేనే నమ్మాలి. మంచి వాలెట్లు ఈ పని తామే చేస్తాయి. అయినా మీ చేత్తో ఒక పదిసార్లు చేసి అలవాటు చేసుకోండి. ఈ పాఠంలో నేను గట్టిగా పట్టుబట్టేది దీని కోసమే.

పేరు కొన్నా అది శాశ్వతంగా మనది కాదు, ఏటా కిరాయి ఉంటుంది. అయిదు అక్షరాలు, అంతకు మించిన పేరుకు 5 డాలర్లు, నాలుగక్షరాలకు 160, మూడక్షరాలకు 640. నెట్‌వర్క్ ఫీజు వేరే. గడువు దాటాక 90 రోజులు ఆగుతారు, ఆ తరువాత ఎవరైనా తీసుకోవచ్చు. మా దోస్తు ఒకాయన ఫోన్ మార్చి, గడువు సంగతి మరిచిపోయాడు. గుర్తొచ్చేసరికి ఆ పేరు వేరేవాళ్లది. ఆయన పేరును దాచుకున్నవాళ్లందరికీ ఫోన్ చేసి "దానికి పైసలు పంపకండి" అని చెప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ టెన్షన్ నేను పక్కనే ఉండి చూశాను.

ఇంకొకటి. బత్తాయి లోడు పైసల కోసం వ్యాపారికి మీ .ఈథ్ పేరు ఇచ్చారనుకోండి. ఆ అడ్రసులో ఎంత ఉంది, ఇప్పటిదాకా ఎక్కడెక్కడి నుంచి వచ్చింది, అన్నీ ఆయన చూడగలడు. పాస్‌బుక్ చేతికిచ్చినట్టే. పైసలు తీసుకునే అడ్రసు వేరు, దాచుకునే అడ్రసు వేరు పెట్టుకోండి, దాచుకునేదానికి పేరు తగిలించకండి.

ఇంటిపని: సెపోలియా మీదే ఈఎన్ఎస్‌లో ఒక పేరు నమోదు చేయండి. నమోదు రెండు లావాదేవీల్లో జరుగుతుంది, మధ్యలో కనీసం 60 సెకన్లు ఆగమంటుంది. మీరు అడుగుతున్న పేరును ఎవరో చూసి ముందే ఎగరేసుకుపోకుండా ఆ ఏర్పాటు. మొదటి లావాదేవీలో పేరు బయటపడదు, పేరును దాచిన హ్యాష్ ముద్ర మాత్రమే పడుతుంది. నమోదయ్యాక రివర్స్ రికార్డు పెట్టండి. పక్కవాళ్ల అడ్రసు తీసుకుని రెండు వైపులా సరిచూసి, మొదటి నాలుగు, చివరి నాలుగు గుర్తులు నోట్‌బుక్‌లో రాసుకురండి. అయిదో పాఠంలో ఒక్క పేరు కింద ఇంటిల్లిపాదికీ ఉపపేర్లు ఇవ్వడం చూద్దాం.