ఆటోక్యాడ్‌లో డైమెన్షన్ టెక్స్ట్ ఎడిట్ చేయడం ఎలా?

డ్రాయింగ్‌లో ఒక డైమెన్షన్ (కొలత చూపే గీత, దాని మీది అంకె) 1200 అని చూపిస్తోంది అనుకుందాం. దాని ముందు "8 × 150 =" అని రాయాలి, లేదా పక్కన "టిపికల్" (ఇలాంటివన్నీ ఇంతే) అని చేర్చాలి, లేదంటే అంకె వేరే గీత మీద పడి చదవరాకుండా ఉంది కాబట్టి కాస్త జరపాలి. కంప్యూటర్‌లో డ్రాయింగ్‌లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో ఇవేవీ పెద్ద పనులు కావు. అలాంటివే అయిన బ్రిక్స్‌క్యాడ్, జడ్‌డబ్ల్యూక్యాడ్ వాడేవారికి కూడా కమాండ్లు దాదాపు ఇవే.

మొదలుపెట్టే ముందు ఒకటి గుర్తుంచుకోండి. డైమెన్షన్‌లో కనిపించే అంకె ఎవరూ టైప్ చేసింది కాదు, సాఫ్ట్‌వేర్ ఆ గీతను కొలిచి చూపిస్తున్నది. దాన్ని చెరిపేసి మీ అంకె కొట్టారా, ఇక ఆ గీత ఎంత సాగినా, ఎంత తగ్గినా కాగితం మీద మీరు కొట్టిన అంకే ఉంటుంది. పని చేసేవాళ్లు డ్రాయింగ్‌లోని అంకెనే నమ్ముతారు. అందుకే చుట్టూ ఏం రాసినా, కొలతను మాత్రం బతికి ఉండనివ్వాలి.

1. అంకెకు ముందూ వెనకా మాటలు చేర్చడం

డైమెన్షన్ టెక్స్ట్ మీద డబుల్ క్లిక్ చేయండి. ఎడిటర్ తెరుచుకుని, కొలత అంకె వేరే రంగు నేపథ్యంలో కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకుండా కర్సర్‌ను ముందుకో వెనక్కో జరిపి, కావలసింది టైప్ చేసి, బయట ఎక్కడైనా క్లిక్ చేస్తే సరిపోతుంది. డబుల్ క్లిక్‌కు ఎడిటర్ రాకపోతే కమాండ్ లైన్‌లో డీడీఎడిట్ అని కొట్టి డైమెన్షన్‌ను ఎంచుకోండి.

రెండో దారి ప్రాపర్టీస్ ప్యాలెట్. డైమెన్షన్‌ను సెలెక్ట్ చేసి కంట్రోల్, 1 కలిపి నొక్కండి. టెక్స్ట్ విభాగంలో "టెక్స్ట్ ఓవర్‌రైడ్" అనే గడి ఉంటుంది. అందులో ఇలా రాయండి:

8 × 150 = <>

ఆ <> గుర్తు ఉన్నచోట అసలు కొలత వచ్చి కూర్చుంటుంది. తెర మీద 8 × 150 = 1200 అని కనిపిస్తుంది. రేపు ఎవరైనా ఆ పొడవును 1350కి సాగదీస్తే, 8 × 150 = 1350 అని చూపిస్తుంది. లెక్క తప్పిందని చూసిన వెంటనే తెలుస్తుంది! 1200 అని చేత్తో కొట్టి ఉంటే ఆ తప్పు ఎవరి కంటా పడేది కాదు.

వ్యాసం గుర్తు ⌀ కావాలంటే రెండు పర్సెంట్ గుర్తులు వరుసగా కొట్టి పక్కన ఇంగ్లిష్ సి అక్షరం పెట్టండి. సి బదులు డి పెడితే డిగ్రీ గుర్తు, పి పెడితే ± వస్తాయి.

2. ఒకేసారి చాలా డైమెన్షన్లు మార్చడం

డిమ్‌ఎడిట్ కమాండ్ ఇచ్చి "న్యూ" ఎంచుకోండి. ఎడిటర్‌లో కొలత స్థానంలో <> కానీ 0 కానీ కనిపిస్తుంది. అది అలాగే ఉంచి, పక్కన "టిపికల్" అని కొట్టి ఎడిటర్ మూసేయండి. తర్వాత కావలసిన డైమెన్షన్లన్నీ ఎంచుకుని ఎంటర్ నొక్కండి.

3. అంకెను పక్కకు జరపడం

డైమెన్షన్‌ను సెలెక్ట్ చేసి, టెక్స్ట్ దగ్గరున్న గ్రిప్ (సెలెక్ట్ చేస్తే కనిపించే చిన్న చతురస్రం) మీద కర్సర్ ఆపితే చిన్న మెనూ వస్తుంది. అంకె ఒక్కటే కదలాలంటే "మూవ్ టెక్స్ట్ ఓన్లీ", దూరంగా పెట్టి లీడర్ అనే సన్నని గీతతో కలపాలంటే "మూవ్ విత్ లీడర్". ఇరుకు చోట్లలో లీడరే మేలు, ఏ అంకె ఏ గీతదో అనుమానం రాదు. పాత చోటికి తేవాలంటే అదే మెనూలో "రీసెట్ టెక్స్ట్ పొజిషన్".

4. అంకే తప్పుగా కనిపిస్తుంటే

చాలామంది చేత్తో అంకె కొట్టేసేది ఇక్కడే. కారణం వెతికితే ఆ అవసరం రాదు.

1200 ఉండాల్సినచోట 1199.98 వస్తే, గీతను ఆబ్జెక్ట్ స్నాప్ (కర్సర్‌ను గీత చివర వంటి కచ్చితమైన బిందువుకు అతికించే సదుపాయం) లేకుండా గీసి ఉంటారు. గీతనే సరిచేయండి. డైమెన్షన్ స్టైల్ (డైమెన్షన్లు ఎలా కనిపించాలో చెప్పే సెట్టింగ్‌లు)లో ప్రెసిషన్, అంటే దశాంశ స్థానాలు, తగ్గించినా 1200 అనే కనిపిస్తుంది, కానీ లోపల తప్పు అలాగే ఉంటుంది. ఇలాంటి కొలతలు వరుసగా నాలుగైదు ఉంటే వాటి కూడిక మొత్తం కొలతతో సరిపోకపోవచ్చు.

ఒక భాగాన్ని రెండింతలు పెద్దది చేసి గీశారనుకోండి, కొలతలన్నీ రెట్టింపు చూపిస్తాయి. దానికి విడిగా ఒక డైమెన్షన్ స్టైల్ చేసి, "ప్రైమరీ యూనిట్స్" ట్యాబ్‌లో స్కేల్ ఫ్యాక్టర్ 0.5 పెట్టండి. అన్ని అంకెలూ ఒక్కసారే సరిపోతాయి.

అంకెల సైజు, దశాంశాలు, ఎమ్‌ఎమ్ వంటి సఫిక్స్ కూడా స్టైల్‌లోనే మార్చాలి. ఒక్కో డైమెన్షన్‌కు విడివిడిగా మారిస్తే నెల తర్వాత మీకే ఏది ఎలా ఉందో అంతుపట్టదు.

చేత్తో కొట్టక తప్పని సందర్భం నిజంగా ఒకటుంది. పొడవైన భాగాన్ని మధ్యలో తెంచి కుదించి గీసినప్పుడు కొలిచిన పొడవు అసలు పొడవు కాదు. అప్పుడు అసలు పొడవే కొట్టండి, తెంచినట్టు చూపే గీత ఉంది కాబట్టి అంకె కింద అండర్‌లైన్ అక్కర్లేదు. అండర్‌లైన్ అనేది, అలాంటి గీత లేకుండానే స్కేలు ప్రకారం గీయని చోట పెట్టే గుర్తు.

5. చేత్తో మార్చినవి పట్టుకోవడం

వేరేవాళ్ల ఫైల్ చేతికొస్తే నేనైతే ముందు ఈ తనిఖీయే చేస్తాను. క్యూసెలెక్ట్ కమాండ్ ఇచ్చి, ఆబ్జెక్ట్ టైప్‌లో "రొటేటెడ్ డైమెన్షన్", ప్రాపర్టీలో "టెక్స్ట్ ఓవర్‌రైడ్", ఆపరేటర్‌లో "నాట్ ఈక్వల్" ఎంచుకుని విలువ గడి ఖాళీగా వదిలేయండి. ఏదైనా టైప్ చేసిన డైమెన్షన్లన్నీ సెలెక్ట్ అవుతాయి. వాటిలో <> ఉన్నవాటితో ఇబ్బంది లేదు. అది లేనివాటిని ఒక్కొక్కటిగా ప్రాపర్టీస్‌లో తెరిచి, అక్కడే ఉన్న "మెజర్‌మెంట్" విలువతో పోల్చండి. అసలు కొలత తిరిగి రావాలంటే టెక్స్ట్ ఓవర్‌రైడ్ గడిని ఖాళీ చేస్తే చాలు. ఆ తర్వాత "అలైన్డ్ డైమెన్షన్" ఎంచుకుని ఇదే మళ్లీ చేయండి, ఏటవాలు కొలతలు ఎక్కువగా అందులోనే ఉంటాయి.