కాయ కాసిందని సంబరపడకండి: బదనికలను సంకరం చేసే పద్ధతి

తూర్పు కనుమల్లో మామిడి, ఇప్ప చెట్ల కొమ్మలు పట్టుకుని పెరిగే బదనిక (వాండా టెస్సెల్లాటా అనే ఆర్కిడ్), దాని చుట్టం వాండా టెస్టేసియా రెండూ ఎండాకాలంలోనే పూస్తాయి. మొదటిది గోధుమ రంగు గళ్ల పువ్వు, మంచి వాసన. రెండోది చిన్న పసుపుపచ్చ పువ్వు. ఇవి కలుస్తాయో లేదో చూడాలంటే నర్సరీలో పెంచిన మొక్కల మీదే చూడండి. అడవిలో చెట్టు మీదున్న వాటిని దయచేసి ముట్టుకోవద్దు. సంకరం గింజ ఒకసారి గాలిలో కలిసిందంటే వెనక్కి తేలేం.

విచ్చి రెండు మూడు రోజులైన పువ్వు కావాలి. మధ్యలో పొట్టి కాడ, దాని కొసన చిన్న టోపీ కనిపిస్తాయి. టూత్‌పిక్‌తో టోపీని కింది నుంచి మెల్లగా ఎత్తితే రెండు పసుపు పుప్పొడి ముద్దలు జిగురు బిళ్లతో సహా పుల్లకి అంటుకుని వస్తాయి. తల్లిగా అనుకున్న పువ్వులోంచి ముందు దాని సొంత ముద్దలు తీసేయాలి. తర్వాత ఆ కాడకి కింది వైపున్న తడి గుంటలో తండ్రి ముద్దలు అద్దండి. గుంట జిగురుగా మెరుస్తుండాలి, ఎండిపోయి ఉంటే ఆ పువ్వు వదిలేయండి. లేబుల్ మీద తల్లి పేరు ముందు, తండ్రి పేరు తర్వాత, తేదీ.

ఒకటి రెండు రోజుల్లో పువ్వు వాడుతుంది, తొడిమె లావెక్కుతుంది. చాలామంది ఇక్కడే "కుదిరింది" అని రాసేసుకుంటారు. కానీ ఆర్కిడ్ పువ్వు విచ్చే నాటికి లోపల అండాలు తయారై ఉండవు. పుప్పొడి పడ్డాకే మొదలవుతాయి, ఫలదీకరణ ఆ తర్వాత ఎప్పటికో. అందుకే జత కుదరకపోయినా కాయ ఊరుతుంది, లోపల మాత్రం పొట్టే.

కాబట్టి పోల్చి చూడటానికి ఇంకో మూడు పూలు పెట్టుకోండి: ఒకదానికి దాని సొంత పుప్పొడి, ఒకదానికి అదే జాతిలో వేరే మొక్కది, మూడోది ఏమీ చేయకుండా పల్చటి గుడ్డ సంచిలో. తల్లిదండ్రుల్ని తారుమారు చేసి కూడా చూడాలి, ఒకవైపు కుదిరింది రెండోవైపు కుదరకపోవచ్చు.

కాయ పండటానికి నెలలు పడుతుంది. పగలకముందే కోసి, చిటికెడు గింజలు నీటి చుక్కలో వేసి మైక్రోస్కోపు కింద చూడండి. పారదర్శకమైన తొడుగు మధ్యలో కోలగా, చిక్కగా పిండం కనిపిస్తే నిజమైన గింజ. ఒక వంద లెక్కపెట్టి, అదే జాతిలో కలిపిన కాయ గింజలతో పోల్చండి. పిండం ఉన్నవి మట్టిలో చల్లితే లాభం లేదు, వాటిలో నిల్వ ఆహారం ఉండదు. 1922లో వృక్షశాస్త్రవేత్త నడ్సన్ చూపించిన దారిలో, చక్కెర కలిపిన అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) మీద, ల్యాబ్‌లోనే మొలిపించాలి.