అబ్దుల్ మలిక్ దిర్హమ్ మీద సంవత్సరం చదవడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, ఈ పాత వెండి నాణెం మీద రాజు పేరు కోసం వెతక్కండి, ఉండదు. ఉమయ్యద్ వంశపు ఖలీఫా (ముస్లిం సామ్రాజ్యపు పాలకుడు) అబ్దుల్ మలిక్ (685–705) మొదట్లో సాసానియన్ (పాత పర్షియా) రాజు ఖుస్రో బొమ్మున్న పాత డిజైన్‌నే నడవనిచ్చాడు, తర్వాత కొన్నేళ్లు కత్తితో నిలబడ్డ మనిషి బొమ్మ వచ్చింది (అది ఖలీఫాయే అంటారు), హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) 77లో బంగారు దినార్‌తో మొదలెట్టి, ఒకటి రెండేళ్లలో వెండి దిర్హమ్ మీద కూడా బొమ్మలన్నీ ఎత్తేసి ఒట్టి రాతే మిగిల్చాడు. అందుకే ఎవరిదో తేల్చాలంటే సంవత్సరమే దిక్కు.

మధ్యలో మూడు లైన్లున్న వైపు పైకి పెట్టండి. చుట్టూ ఉన్న రాతలో బిస్మిల్లాహ్ దొరకబుచ్చుకుని అక్కణ్ణుంచి నాణేన్ని తిప్పుకుంటూ ఎడమకి చదవాలి. ‘దిర్హమ్’ అన్న మాట దాటగానే ‘బి’ (అంటే ‘లో’) తగిలించుకుని నాణెం కొట్టిన ఊరి పేరు వస్తుంది, దిమష్క్ (డమాస్కస్) అనో వాసిత్ (ఇరాక్‌లోది) అనో, ఆ తర్వాత ‘ఫీ సన’ (‘సంవత్సరంలో’), ఆ వెనకే సంవత్సరం. అంకెల్లో కాదండోయ్, మాటల్లో. పైగా ఒకట్లు ముందు, పదులు తర్వాత, అంటే మనం డెబ్బై తొమ్మిది అంటే వాళ్లు తొమ్మిదీ డెబ్బై అంటారు.

అసలు తలనొప్పి ఇక్కడే. ఆ కాలం కూఫీ రాతలో (పాత అరబిక్ లిపి) నాణేల మీద అక్షరాలకి చుక్కలు పెట్టరు, దాంతో సబ్ (7), తిస్ (9) రెండూ నాలుగు పళ్ల దువ్వెనలా ఒకేలా కనిపిస్తాయి, 70కీ 90కీ కూడా అదే గొడవ. లెన్స్ పెట్టి చూస్తే మొదటి పన్ను పొడుగ్గా ఉంటే 9, నాలుగోది పొడుగ్గా ఉంటే 7, కానీ అరిగిపోయిన నాణెంలో ఇది కూడా తెలీదు. నేను ఓసారి 79 అని రాసుకుని మురిసిపోయా, తీరా చూస్తే ఊరు వాసిత్! అబ్దుల్ మలిక్ కింద ఇరాక్ గవర్నర్‌గా ఉన్న హజ్జాజ్ ఆ ఊరు కట్టించిందే హిజ్రీ 80 దాటాక, కాబట్టి పదులు 70 కాదు, 90; ఒకట్లు మళ్లీ చూస్తే 7, అంటే అది 97, అబ్దుల్ మలిక్ కొడుకు సులైమాన్ కాలం. అందుకే ఊరు, ఏడాది రెండూ కలిపి చూడండి.

క్రీస్తుశకంలోకి మార్చాలంటే హిజ్రీని 0.97తో గుణించి 622 కలపండి, 79 అయితే 698–99 వస్తుంది. బరువు 2.9 గ్రాముల దగ్గర్లో ఉండాలి, అంచులు కత్తిరించినవైతే తగ్గుతుంది. దినార్ అయితే 4.25, దాని మీద ఊరి పేరు ఉండదు.

86 వచ్చిందా, ఇక మీ ఇష్టం. ఆ ఏడే అబ్దుల్ మలిక్ చనిపోయి కొడుకు వలీద్ ఎక్కాడు, పేరు లేని నాణెం కదా, తండ్రిదో కొడుకుదో చెప్పలేం.