దైనందిన జీవితంలో యూదు సాధన – నాలుగో పాఠం: తినే ముందు చెప్పే బ్రాఖా

కిందటి పాఠంలో నిద్ర లేవగానే చెప్పే 'మోదె అనీ' అనే కృతజ్ఞతా ప్రార్థన, చేతుల మీద నీళ్లు పోసుకునే పద్ధతి చూశాం. ఈసారి తిండి సంగతి, దానికి చెప్పే బ్రాఖా, అంటే దేవుణ్ణి స్తుతించే చిన్న ప్రార్థన. రోజుకు నూరు బ్రాఖాలు చెప్పాలని ప్రాచీన యూదు ధర్మచర్చల సంకలనమైన తల్మూద్‌లో మతగురువు (రబ్బీ) మేయిర్ మాట. వాటిలో ఎక్కువ భాగం ప్రార్థన వేళల్లోనే అయిపోతాయి, మిగిలినవాటిలో పెద్ద వాటా తిండిదే.

తినేముందు దేవుణ్ణి తలుచుకుంటే చాలదా, ఏ మాటతో అయితేనేం అనిపించవచ్చు. యూదు ధర్మశాస్త్రం అలా వదిలిపెట్టదు. చేతిలో ఉన్నది ఏమిటి, ఎక్కడ పండింది, వంటలో ఏమైంది అన్నది ముందు తేల్చుకోమంటుంది. మనసులో భక్తి పొంగినా పొంగకపోయినా ఈ విచారణ తప్పదు. సాధనంతా అందులోనే ఉంది.

బ్రాఖా మొదటి సగం ఎప్పుడూ ఒకటే: 'బారుఖ్ అత్తా అదోనాయ్, ఎలోహేను మెలెఖ్ హాఓలామ్'. మా ప్రభువైన దేవా, విశ్వానికి రాజా, నీకు స్తుతి అని భావం. వల్లె వేసేటప్పుడు మాత్రం 'అదోనాయ్' బదులు 'హషేమ్' అనీ, 'ఎలోహేను' బదులు 'ఎలోకేను' అనీ పలకండి. పవిత్ర నామాన్ని ఊరికే పలకకూడదు. హీబ్రూ నాలుకకు పట్టేదాకా తెలుగులో చెప్పినా చెల్లుతుంది.

రెండో సగం తిండిని బట్టి మారుతుంది. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే అయిదు ధాన్యాల రొట్టెకు 'హమోత్సి లెహెమ్ మిన్ హాఆరెత్స్'. ఆ ధాన్యాలతోనే చేసిన రొట్టె కాని వంటకాలకు, అంటే కేకు, సేమ్యా, గోధుమరవ్వ ఉప్మా వంటివాటికి 'బోరే మినే మెజోనోత్'. ద్రాక్షసారాకూ ద్రాక్షరసానికీ 'బోరే పెరి హగాఫెన్'. చెట్టు పండ్లకు 'బోరే పెరి హాఎత్స్', నేల పంటకు 'బోరే పెరి హాఅదామా'. నీళ్లు, పాలు, గుడ్డు, చేప, మాంసం, టీ, కాఫీ, పంచదార వంటి మిగతావాటికి 'షెహకోల్ నిహ్యా బిద్వారో'. ద్రాక్షపండు తింటే మాత్రం హగాఫెన్ కాదు, హాఎత్స్. కొత్తవాళ్లు ఇక్కడే తడబడతారు.

చెట్టా, నేలా అన్నది ఎత్తును బట్టి తేలదు. మాను ఏటేటా నిలిచి, పాత కొమ్మే మళ్లీ చిగిర్చి కాస్తే అది చెట్టు. కాండం పోయి వేరునుంచి కొత్తగా లేస్తే నేల పంట. అందుకే మామిడి, జామ, కొబ్బరి హాఎత్స్. అరటి మనిషికంటే ఎత్తు పెరిగినా గెల వేశాక ఆ బోదె పోతుంది, పిలక లేస్తుంది, కాబట్టి హాఅదామా. ఈ మాట యూదు ధర్మశాస్త్ర గ్రంథం షుల్హాన్ అరూఖ్‌లోనే ఉంది. వేరుశనగ కూడా హాఅదామాయే. బొప్పాయి మీద పండితుల మధ్య వాదం ఉంది, చాలామంది హాఅదామా అంటారు.

మనకు ముఖ్యమైనది అన్నం. బియ్యం ఆ అయిదు ధాన్యాల్లో లేదు, అయినా కడుపు నింపుతుంది కనుక తల్మూద్ దానికి మెజోనోత్ ఇచ్చింది. పొట్టు తీసిన తెల్లబియ్యం అన్నానికి ఇదే వాడుక, ముడిబియ్యానికి ఏం చెప్పాలో మీ రబ్బీని అడగండి. పప్పు కలుపుకున్నా అన్నం పాలు ఎక్కువ ఉంటే మెజోనోతే. తిన్న తరువాత చెప్పేది మాత్రం గోధుమ వంటకాల తరువాతి 'అల్ హమిహ్యా' కాదు, 'బోరే నెఫాషోత్'. ముందు మాట ధాన్యపుది, వెనక మాట మామూలుది. ఇలా ఎందుకో తెలిసినవాళ్లు కూడా అలవాటు కొద్దీ పొరబడతారు.

ఇక పద్ధతి. అరటిపండైతే తొక్క ముందే ఒలవండి, జామకాయైతే కోసి పురుగు ఉందేమో చూడండి. బ్రాఖా అయ్యాక ఈ పనులు పెట్టుకుంటే మధ్యలో ఎడం వస్తుంది. తినేదాన్ని కుడిచేత్తో పట్టుకోవాలి, ఎడమచేతివాటం వారు ఎడమచేత్తో. పూర్తిగా చెప్పి, వెంటనే కొరికి, మింగేదాకా మాట్లాడకండి. విన్నవాళ్లు 'ఆమెన్' అంటారు, మీ బ్రాఖాకు మీరే అనకూడదు.

పొరపాటు జరిగితే? చెట్టు పండుకు హాఅదామా చెప్పినా చెల్లుతుంది, చెట్టుకూ ఆధారం నేలే కదా. నేల పంటకు హాఎత్స్ చెబితే చెల్లదు, మళ్లీ చెప్పాలి. షెహకోల్ దేనికి చెప్పినా, రొట్టెకైనా, చెల్లుబాటవుతుంది. అందుకని అన్నిటికీ షెహకోల్ చెప్పేసి తప్పించుకోవడం అసలు పనిని ఎగ్గొట్టడమే. విచారించినా తేలనప్పుడే ఆ సదుపాయం. తినని వస్తువుకు బ్రాఖా చెప్పేస్తే వెంటనే 'బారుఖ్ షేమ్ కెవోద్ మల్ఖూతో లెఓలామ్ వాఎద్' అనాలి. మరిచిపోయి నోట్లో పెట్టేసుకున్నారా? తీసినా ఏవగింపు కలగని పదార్థమైతే బయటికి తీసి చెప్పండి, లేకపోతే బుగ్గన పెట్టుకుని చెప్పండి.

నీళ్లకు షెహకోల్ దాహం వేసి తాగినప్పుడే. మాత్ర మింగడానికో, గొంతులో అడ్డుపడ్డ ముద్ద దిగడానికో తాగితే బ్రాఖా లేదు. దాహం ఉందా లేదా అని గ్లాసు ఎత్తేముందు ఒక్క క్షణం చూసుకోక తప్పదు.

తరువాతి బ్రాఖాకు కొలత ఉంది: ఘనపదార్థం కెజాయిత్, సుమారు 27 మి.లీ. పరిమాణం, మూడు నాలుగు నిమిషాల లోపు తినాలి. పానీయం రెవియీత్, సుమారు 86 మి.లీ., ఏకబిగిన తాగాలి. పొగలు కక్కే టీని గుక్కగుక్కగా తాగితే చాలామంది తరువాతి బ్రాఖా చెప్పరు. మరో లెక్క ప్రకారం రెవియీత్ 150 మి.లీ. దాకా వెళుతుంది, మీ సమాజం ఏది పాటిస్తే అదే పట్టుకోండి.

ఈ వారం అభ్యాసం: మొదటి రెండు రోజులు నీళ్లకూ టీకీ షెహకోల్ మాత్రమే. మూడో రోజు నుంచి పండ్లు చేర్చండి, ప్రతి పండుకూ మాను సంగతి విచారించి చెప్పండి. అయిదో రోజున అన్నం, ముందు వెనకా రెండూ. రొట్టెకు ఇంకా పోవద్దు. దానికి ముందు చేతులు కడిగే పద్ధతి ఉదయపు పద్ధతికంటే వేరు, దాన్ని అయిదో పాఠంలో రెండు పిడుల చెంబుతో సహా చూద్దాం.