ఆర్డర్ రాకముందే సరుకు దగ్గరికి చేర్చడం ఎలా

డెలివరీ త్వరగా అందాలంటే బండి వేగంగా వెళ్లాలని చాలామంది అనుకుంటారు. గోడౌన్‌లో స్టాక్ ప్లానింగ్ చూసే నాకు తెలిసింది వేరు. ఆర్డర్ పడే సమయానికి సరుకు ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టే అది రేపు అందుతుందా, ఐదు రోజులకు అందుతుందా అన్నది తేలిపోతుంది. ఆర్డర్ రాకముందే, పూర్తి చిరునామా లేకుండానే పార్సిల్‌ను ఒక ప్రాంతం వైపు పంపించే పద్ధతికి అమెజాన్ 2013 డిసెంబర్‌లో అమెరికాలో పేటెంట్ కూడా తీసుకుంది. మీది చిన్న దుకాణమైతే స్ప్రెడ్‌షీట్ చాలు.

ముందు అమ్మకాల లెక్క తీయండి: ఏ రోజు, ఏ వస్తువు, ఏ ప్రాంతానికి. పక్కన ఇంకో గడి పెట్టి, ఆ రోజు స్టాక్ ఉందో లేదో రాయండి. చాలామంది వదిలేసేది ఈ గడినే. నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

ఒకసారి ఒక ఛార్జింగ్ కేబుల్ 30 రోజుల్లో 60 అమ్ముడుపోయింది. రోజుకి రెండు అని లెక్కేసి ఇంకో 60 తెప్పించాను. 20వ రోజుకే అయిపోయాయి. పాత షీట్ తెరిచి ఒక్కో రోజే చూసుకుంటూ వస్తే, 11 నుంచి 20వ తేదీ దాకా వరసగా పది సున్నాలు. ఆ పది రోజులూ అడిగేవాళ్లు లేక కాదు, ఇవ్వడానికి మా దగ్గర లేక. 60ని 30తో కాదు, 20తో భాగించాలి. రోజుకి మూడు. ఈ తప్పు సరిదిద్దకపోతే తక్కువ తెప్పిస్తాం, మళ్లీ అయిపోతుంది, మళ్లీ సున్నాలు పడతాయి, అంచనా ఇంకా దిగిపోతుంది. బాగా పోయే వస్తువు ఇలా మన చేతులతోనే కనుమరుగైపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

తర్వాత వారం వారం అంచనా మార్చుకోండి. పాత అంచనాలో 80 శాతం, ఈ వారం సగటులో 20 శాతం కలపండి. పాతది 3, ఈ వారం 5 అయితే కొత్తది 3.4. దీన్నే ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్ అంటారు. డిస్కౌంట్ పెట్టిన వారాన్ని ఇందులో కలపకండి.

ఎప్పుడు తెప్పించాలి? సరుకు రావడానికి 4 రోజులు పడితే, రోజుకి మూడు చొప్పున 12 కావాలి. రోజువారీ అమ్మకం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి కొంత అదనం ఉంచాలి. ఆ హెచ్చుతగ్గు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 1.5 అనుకుందాం. దాన్ని 4 వర్గమూలంతో, అంటే 2తో, ఆపైన 1.65తో గుణిస్తే దాదాపు 5. నూటికి 95 సార్లు కొరత రాకుండా ఉండడానికి ఆ 1.65. కాబట్టి స్టాక్ 17కి దిగగానే ఆర్డర్ పెట్టేయండి.

ఇక ఎక్కడ ఉంచాలన్నది. ఇదే లెక్క ప్రాంతాలవారీగా వేయండి. అలాగని అన్నీ అన్నిచోట్లా పెట్టకూడదు. ఒక గోడౌన్ సరుకును రెండింటికి సమానంగా పంచితే, ఒక ప్రాంతం గిరాకీకి ఇంకోదానితో సంబంధం లేనప్పుడు, అదనంగా ఉంచాల్సిన స్టాక్ మొత్తం మీద సుమారు 1.4 రెట్లవుతుంది. అందుకే రోజూ కదిలేవాటినే కొనేవాళ్ల దగ్గరికి చేర్చండి. నెలకొకటి పోయేవాటిని మధ్యలో ఒకే గోడౌన్‌లో ఉంచి, డెలివరీకి ఎన్ని రోజులు పడుతుందో కొనేముందే కనిపించేలా రాయండి.