వరికోతల కాలంలో ఒంటరిగా బైకుపై రామప్పకు: బయలుదేరే ముందు చూసుకోవలసిన జాగ్రత్తలు

కార్తీకం మొదలుకొని సంక్రాంతి దాకా తెలంగాణలో బైకు ప్రయాణానికి అనువైన కాలమని పేరు. ఎండ మాడ్చదు, వానల బెడద ఉండదు, కాకతీయుల నాటి చెరువులు నిండుగా కనిపిస్తాయి. అయితే వరికోతలు, పత్తి రవాణా, యాసంగి దమ్ములు, పొగమంచు రోడ్డు మీదికి వచ్చేది కూడా సరిగ్గా ఈ నెలల్లోనే. హైదరాబాదు నుంచి ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి ఒంటరిగా, తీరిగ్గా వెళ్లిరావాలనుకునేవారు దూరాన్ని కాకుండా ముందుగా పగటి వెలుగును లెక్క వేసుకోవాలి.

ఉప్పల్ నుంచి హనుమకొండ దాదాపు 140 కిలోమీటర్లు, అక్కడి నుంచి పాలంపేట మరో 65 నుంచి 70 కిలోమీటర్లు ఉంటుంది. రానూపోనూ 400 దాటుతుంది. 110 లేదా 125 సీసీ బండిపై టీలకు, పెట్రోలుకు ఆగుతూ వెళ్తే సగటున గంటకు 45 కిలోమీటర్లకు మించి సాగదు కనుక, కేవలం ప్రయాణానికే తొమ్మిది గంటలు పడుతుంది. డిసెంబరులో పగలు పదకొండు గంటలే, అందులోనూ మంచు పట్టిన రోజు ఉదయం మొదటి రెండు గంటలను లెక్కలోంచి తీసేయాలి. గుడి చూడడానికి ఇక సమయం ఎక్కడిది? ఒక్క రోజులో వెళ్లి వచ్చేశామని చెప్పుకొనేవారు గుడిని అరగంటలో ముగించి ఉంటారు, లేదా చీకట్లో బండి నడిపి ఉంటారు. అందుచేత మొదటి రోజు హనుమకొండ చేరి వేయిస్తంభాల గుడిని, వరంగల్ కోటలోని కీర్తితోరణాలను చూసి, రాత్రికి అక్కడే బస చేసి, రెండో రోజు పాలంపేట వెళ్లి పొద్దు ఉండగానే హనుమకొండకు తిరిగివచ్చి, మూడో రోజు ఇంటిముఖం పట్టడం మేలు. తీరిక ప్రయాణం అనే మాటకు ఇదే తగిన కొలత.

బండి విషయంలో కొత్తగా చెప్పవలసింది తక్కువే. బ్రేకులు, గొలుసు బిగువు, క్లచ్ కేబులు, ఇంజిన్ ఆయిలు, అన్ని లైట్లు బయలుదేరడానికి రెండు మూడు రోజుల ముందే మెకానిక్కుతో చూపించుకోవాలి. ముందు రోజు సాయంత్రం చూపిస్తే మార్చిన భాగం సరిగా కుదిరిందో లేదో తెలుసుకొనే వ్యవధి ఉండదు. టైర్లలో గాలిని బండి నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. పుల్లల చక్రాల బండ్లలో ఎక్కువగా ట్యూబు టైర్లే ఉంటాయి. పంక్చరు పడితే చక్రం విప్పక తప్పదు కాబట్టి, ములుగు దాటాక షాపు వెతుక్కునే కంటే ఒక కొత్త ట్యూబు, చక్రం విప్పే పానా వెంట ఉంచుకోవడం నయం. వెనక ఎర్రలైటు వెలుగుతున్నదో లేదో గోడకు దగ్గరగా బండి నిలిపి, బ్రేకు నొక్కి చూసుకోవాలి. మంచులో మనం వెనక వచ్చేవారికి కనిపించేది ఆ లైటుతోనే.

ఇక అసలు ప్రమాదం వడ్లు. కోతలు మొదలయ్యాక జాతీయ రహదారి పక్కన సర్వీసు రోడ్లపైన, ములుగు దాటి జంగాలపల్లి దగ్గర ప్రధాన రహదారి వదిలి వెంకటాపూర్ మీదుగా పాలంపేట వెళ్లే లోపలి రోడ్డు వంటి దారులపైన, రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి. కల్లాలు చాలక, తేమ తగ్గితే తప్ప కొనుగోలు కేంద్రంలో కాంటా వేయరు కనుక, రైతుకు వేరే దారి లేదు. వారిని తిట్టుకోవడం వల్ల మనకు ఒరిగేదీ లేదు. గట్టి తారు మీద పలచగా పరచిన గింజలు టైరు కింద దొర్లుతాయి. వాటిపై బండి వంచినా, ముందు బ్రేకు పట్టినా చక్రం పక్కకు జారిపోతుంది. వడ్లు కనిపించగానే, వాటి మీదికి ఎక్కకముందే వేగం బాగా తగ్గించుకోవాలి. తప్పనిసరిగా ఎక్కవలసి వస్తే హ్యాండిలు నిటారుగా ఉంచి, బ్రేకు ముట్టకుండా, ఎక్సలేటరు వదిలి, ఉన్న వేగంతోనే దాటిపోవాలి. ఎదురుగా లారీ వస్తున్నప్పుడు పక్కకు తప్పుకోవడానికి వడ్లలోకి దిగడం కన్నా ముందే ఆగి దానికి దారి ఇవ్వడం మంచిది.

పగలు ఇలా కనిపించే వడ్లే పొద్దుగూకాక వేరే రూపం దాలుస్తాయి. సాయంత్రం కాగానే వాటిని కుప్పగా చేసి, నల్లటి లేదా ముదురు నీలం పరదా కప్పి, గాలికి లేవకుండా అంచుల వెంట తలకాయంత రాళ్లు పెడతారు. వాహనాలు ఎక్కకుండా రోడ్డు మధ్య గీత పొడవునా రాళ్లు పేర్చే చోట్లూ ఉన్నాయి. నల్లటి తారుపై నల్లటి పరదా, దానికి ముందు మట్టిరంగు రాయి: ఎదుటి వాహనం హెడ్‌లైటు కళ్లల్లో పడిన క్షణంలో ఇవేవీ కనిపించవు. చీకట్లో బండి నడపవద్దని అనడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు. టీ హోటలు దగ్గర ఆగినప్పుడు "అన్నా, ముందట రోడ్డు మీద వడ్లు పోసిండ్రా?" అని ఒక్క మాట అడిగితే ఏ మలుపులో ఉన్నాయో, ఎక్కడ రాళ్లు పెట్టారో కూడా చెబుతారు. ఏ మ్యాపులోనూ ఆ సమాచారం దొరకదు.

వడ్ల తర్వాత చెప్పుకోవలసినవి ఆ పంటను కోసే, మోసే బండ్లు. కోత మిషన్లు ఒక ఊరి నుంచి మరో ఊరికి సాయంత్రం వేళల్లో, రాత్రుల్లో తరలుతుంటాయి. ముందున్న కోత భాగం లోపలి రోడ్డును దాదాపు పూర్తిగా ఆక్రమిస్తుంది. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్టుకు పత్తి తీసుకుపోయే ట్రాక్టర్లలో చాలావాటికి ట్రాలీ వెనక లైటు ఉండదు, ఉన్నా వేలాడే పత్తి బస్తాల చాటున ఉంటుంది. డిసెంబరు చివరి నుంచి యాసంగి నాట్లకు దమ్ము చేసే ట్రాక్టర్లు పొలం లోంచి నేరుగా రోడ్డెక్కి బురద గడ్డలు రాల్చుకుంటూ పోతాయి. మంచుకు తడిసిన ఆ బురద, తెల్ల రంగు గీతలు, స్పీడు బ్రేకర్ల మీది పెయింటు ఉదయం పూట సమానంగా జారుడే. నాలుగు వరుసల రహదారిపై ఇంకొక చిక్కు ఉంది. తర్వాతి యూటర్ను దాకా పోవడం ఇష్టం లేని బండ్లు ఎడమ అంచు వెంట రాంగ్ రూటులో ఎదురొస్తాయి. నెమ్మదిగా వెళ్లేవారు రోడ్డు అంచుకు అంటుకొని పోవడం క్షేమమని భావిస్తారు గాని, ఆ అంచు వెంటే ఇవి వస్తాయి కనుక ఎడమ వరుస మధ్యలో ఉంటూ అద్దంలో వెనక చూసుకుంటూ సాగడం మెరుగు.

పొగమంచు అంతటా ఒకేలా ఉండదు. ఎత్తైన చోట ఎండ కాస్తున్నా, చెరువు కట్ట పక్కన, తడిపొలాల మధ్య పల్లంలోకి దిగగానే పది గజాల ముందు ఏముందో తెలియదు. హనుమకొండ నుంచి ఉదయం ఎనిమిదిన్నర తర్వాతే కదలడం అందుకే. దారిలో మంచు కమ్మితే హెడ్‌లైటును డిమ్ములో ఉంచాలి. హైబీమ్ వేస్తే వెలుతురు మంచుపై పడి మన కళ్లలోకే తిరిగివస్తుంది. ముందు లారీ వెనక లైటును పట్టుకొని పోవడం చాలామందికి అలవాటు, కానీ ఆ లారీ ఆగితే మనం ఆగగలిగే దూరం ఉండదు. ఆగదలిస్తే రోడ్డు అంచున కాక, పెట్రోలు బంకు లేదా హోటలు ఆవరణలోకి పూర్తిగా వెళ్లి ఆగాలి. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టకుండా కొద్దిగా తెరిచి ఉంచాలి. చలికి వేళ్లు మొద్దుబారితే బ్రేకు లీవరు మీదికి చెయ్యి ఆలస్యంగా పోతుంది కనుక చేతి తొడుగులు తప్పనిసరి. జాకెట్టు లోపల ఛాతీకి అడ్డంగా దినపత్రిక పెట్టుకోవడం పాత లారీ డ్రైవర్ల చిట్కా. గాలిని బాగా ఆపుతుంది, గుడి దగ్గర చదువుకోవడానికీ పనికొస్తుంది.

ఒంటరిగా వెళ్లేవారు పడిపోతే మన తరఫున ఫోను చేయవలసింది ఎవరో తెలియనివారు. రక్తవర్గం, ఇంటివారి నంబరు, వాడే మందుల పేర్లు రాసిన కాగితాన్ని పర్సులో, మరొకటి చొక్కా జేబులో ఉంచుకోవాలి. ఫోనును ట్యాంకు బ్యాగులో పెట్టకూడదు. పడినప్పుడు బండి ఒకవైపు, మనిషి ఒకవైపు పోతారు, ఫోను మనిషి దగ్గర ఉండాలి. అంబులెన్సుకు 108, అత్యవసర సహాయానికి 112, జాతీయ రహదారిపై సాయానికి 1033 నంబర్లు గుర్తుంచుకోవాలి. భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు చేరిన ప్రతిచోటా ఇంటికి ఒక సందేశం పంపే ఏర్పాటు చేసుకుంటే, ఎక్కడి నుంచి వెతకాలో వారికి తెలుస్తుంది. సిగ్నలు లేని చోట ఫోనుతో చెల్లింపులు జరగవు కనుక చిల్లర నోట్లు ఉండాలి. లైసెన్సు, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం డిజీలాకర్‌లో ఉన్నా సరిపోతాయి.

రామప్ప గుడిని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందింది. తూర్పుముఖం గుడి కావడంతో ఉదయపు ఎండ ముఖమండపంపై ఏటవాలుగా పడి, చూరు కింద వాలుగా నిలబెట్టిన నల్లరాతి మదనికల (నాట్యభంగిమల్లోని స్త్రీ శిల్పాల) నగల గీతలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. మంచు విడిచాక బయలుదేరినా ఆ వెలుగు దక్కుతుంది. ఇక్కడి జాగ్రత్తలు చిన్నవి: కోతులు బండికి తగిలించిన సంచుల జిప్పులు తీసేస్తాయి కాబట్టి తినుబండారాలు వదిలివెళ్లరాదు, హెల్మెట్టును బండికి తాళం వేయాలి, పూజలందుకుంటున్న గుడి కనుక బూట్లు విప్పక తప్పదు, శిల్పాలను తాకరాదు. పక్కనే ఉన్న రామప్ప చెరువులో ఒంటరిగా స్నానానికి దిగవద్దు. మధ్యాహ్నం కడుపునిండా తిన్న వెంటనే హ్యాండిలు పట్టకుండా గుడి ఆవరణలో చెట్టు నీడన అరగంట నడుం వాల్చాలి. తిరుగు దారిలో కునుకు పట్టేది ఆ వేళకే.

దారి పొడవునా ఆశపెట్టే చోట్లు చాలా ఉన్నాయి. భువనగిరి కోట, ఆలేరు పక్కన కొలనుపాక జైనమందిరం, జనగామ దగ్గర ఇత్తడి పనికి పేరున్న పెంబర్తి, ఇటు ములుగు దాటితే లక్నవరం చెరువు. మొదటి రోజు వీటిలో ఏదో ఒకటే చూడాలి, రెండో రోజు ఏదీ వద్దు. తాడ్వాయి వైపు అడవి దారిని మరో ప్రయాణానికి వదిలేయడం మంచిది. కార్తీకమాసపు ఆదివారాల్లో యాదగిరిగుట్టకు వెళ్లే వాహనాలతో రాయగిరి దగ్గర రద్దీ ఉంటుంది, మేడారం జాతర వచ్చే సంవత్సరాల్లో సంక్రాంతికి ముందు నుంచే భక్తుల బండ్లు ములుగు దారి పడతాయి. ఈ రెండూ చూసుకొని వారం మధ్యలో బయలుదేరాలి.

పాలంపేట నుంచి మధ్యాహ్నం రెండింటికి కదిలితే నాలుగింటికల్లా హనుమకొండ చేరవచ్చు. ఏ కారణం చేతనైనా నాలుగున్నర దాటే వరకు కదలలేకపోతే, ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది కనుక హనుమకొండ గదికి కట్టిన అద్దె పోయినా సరే, ఆ రాత్రికి ములుగులోనే లాడ్జి చూసుకొని ఇంటికి ఫోను చేసి చెప్పాలి.